ఒకే కొట్టు, రెండు కౌంటర్లు: మెక్సికో సీరియళ్లూ వాటి పాటలూ

వీల్‌చెయిర్‌లో ఉన్న ఒక అమ్మాయి మీద ఒకావిడ గుడ్లురిమి, కేకలు పెడుతూ విరుచుకుపడుతుంది. అడ్డొచ్చిన వాళ్లకీ దెబ్బలు తప్పవు. ఈ వీడియో ముక్క ఏదో ఒక క్యాప్షన్‌తో ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోన్‌కి వచ్చే ఉంటుంది. అది 1995లో మెక్సికోలో మొదలైన ‘మరియా లా దెల్ బారియో’ సీరియల్లోది. విలన్ పేరు సొరాయా. ఆ పాత్ర వేసినావిడ ఇతాతీ కాంతొరాల్.

మీమ్‌లో వినిపించనిది ఒకటుంది, ఆ సీరియల్ టైటిల్ సాంగ్. నాయికగా వేసిన తాలియాయే పాడింది. బస్తీ పిల్ల మరియాని నేనే, అలా చెప్పుకోవడం నాకు గర్వం అనే అర్థంతో సాగుతుంది. చెత్తకుప్పల్లో ఏరుకుని బతికే అమ్మాయి పెద్దింట్లో అడుగుపెట్టడం దాని కథ. నిన్నటి ఎపిసోడ్ చూడనివాళ్లకైనా పాట వింటే చాలు, నాయిక ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

మనకి లాటిన్ పాటలంటే రికీ మార్టిన్, షకీరా, ఆ తర్వాత ‘దెస్పసీతో’. మెక్సికో సీరియళ్లంటే మీమ్స్. రెంటికీ సంబంధం ఉందని అనిపించదు. నిజానికి మెక్సికోలో కొన్ని దశాబ్దాల పాటు ఈ రెండూ ఒకే కొట్లో రెండు కౌంటర్లు. ఒక కౌంటర్లో ఏడిపించేవాళ్లు, పక్క కౌంటర్లో ఆ ఏడుపుని క్యాసెట్ వేసి అమ్మేవాళ్లు. ఎవరి చలవతో ఎవరు బతికారు అన్నది కాస్త విడమరిచి చూడాల్సిన సంగతి.

మెక్సికో సీరియల్‌ని ‘టెలినొవెలా’ అంటారు. ముందు దాని సంగతి తేల్చుకుందాం. అమెరికా వాళ్ల సోప్ ఒపేరాల్లో కొన్ని నలభై, యాభై ఏళ్లు నడిచాయి. మన డైలీ సీరియల్ కూడా రేటింగ్ ఉన్నంత కాలం సాగుతుంది. చనిపోయిన వాళ్లు తిరిగొస్తారు, తిరిగొచ్చినవాళ్లకి గతం గుర్తుండదు. టెలినొవెలాకి మాత్రం మొదలుపెట్టిన రోజునే ముగింపు ఉంటుందని అందరికీ తెలుసు. మామూలుగా వందా రెండొందల ఎపిసోడ్లు, ఆర్నెల్ల నుంచి ఏడాది. చివర్లో పెళ్లి అవుతుంది, విలన్ చస్తాడో పిచ్చెక్కిపోతాడో, అంతే. మర్నాటి నుంచి అదే టైముకి ఇంకో కథ.

చూడ్డానికి చిన్న తేడాలాగే ఉంటుంది గానీ పాటల వ్యాపారమంతా దీని మీదే నిలబడింది. ఆర్నెల్లకో కథ అంటే ఆర్నెల్లకో టైటిల్ సాంగ్, ఆర్నెల్లకో ఆల్బమ్. వారానికి ఐదు రోజులు, ప్రతి రాత్రీ అదే టైముకి అదే పాట లక్షల ఇళ్లలో మోగుతుంది. ఏ రికార్డు కంపెనీకైనా అంతకంటే ఏం కావాలి? మొహం మొత్తే సరికి సీరియల్ అయిపోతుంది, కొత్త పాట వస్తుంది. మన దగ్గర నాలుగేళ్లు నడిచే సీరియల్‌కి నాలుగేళ్లూ ఒకటే పాట. అందులో రికార్డు వ్యాపారం ఎక్కడుంది?

ఈ లెక్క కనిపెట్టిన మనిషి అసలు రికార్డులు అమ్ముకునేవాడే. ఎమిలియో అస్కారగా విదౌరేతా రేడియోలోకి రాకముందు ఆర్‌సీఏ విక్టర్ అనే అమెరికా రికార్డు కంపెనీకి అనుబంధంగా ఉన్న ‘మెక్సికో మ్యూజిక్ కంపెనీ’ నడిపేవాడు. 1930 సెప్టెంబర్‌లో ఎక్స్‌ఈడబ్ల్యూ అనే రేడియో స్టేషన్ పెట్టాడు. ‘మెక్సికో నుంచి లాటిన్ అమెరికా గొంతు’ అన్నది దాని నినాదం. పియానో ముందు కూర్చుని అగుస్తీన్ లారా బొలేరోలు పాడింది ఆ స్టేషన్‌లోనే. బొలేరో పుట్టిల్లు క్యూబా. 19వ శతాబ్దం చివర్లో శాంతియాగో వీధుల్లో గిటార్ మీద పుట్టిన మెల్లని ప్రేమపాట అది. మెక్సికో రేడియో దాన్ని ఖండమంతా మోసింది. తర్వాతి కాలంలో సీరియళ్ల ఏడుపుకి గొంతునిచ్చింది ఈ బొలేరోయే, దాని కూతురు లాంటి ‘బలాదా’యే.

సీరియల్ పుట్టుక కూడా క్యూబాలోనే. అక్కడి చుట్టల కార్ఖానాల్లో ఒక ఆచారం ఉంది. పొగాకు చుట్టే పనివాళ్లు తలా కొంత వేసుకుని, ఒక చదువరిని పెట్టుకునేవాళ్లు. ఆయన ఎత్తు పీట మీద కూర్చుని పేపరూ, ఆ తర్వాత నవలా గొంతెత్తి చదివేవాడు. 1865లో హవానాలోని ఎల్ ఫీగరో కార్ఖానాలో మొదలైంది ఇది. చేతులు పనిలో, చెవులు కథలో. రేడియో వచ్చాక కావలసింది ఇంకేముంది? 1948లో ఫెలీక్స్ కాయిగ్నెత్ రాసిన ‘ఎల్ దెరెచో దె నాసెర్’ అనే రేడియో నాటకం హవానాని ఊపేసింది. మెక్సికోలో అదే కథని మళ్లీ మళ్లీ టీవీకి తీశారు. తాలియా బస్తీ మరియా కథకి మూలం కూడా ఇనేస్ రోదేనా అనే క్యూబా రచయిత్రి రేడియో నాటకాలే.

అస్కారగా రేడియో నుంచి టీవీకి వచ్చాడు. 1955లో మూడు చానెళ్లు కలిసి టెలెసిస్తేమా మెక్సికానో అయ్యాయి. 1973లో అది టెలివిసా అయింది. 1958లో వచ్చిన ‘సెందా ప్రొహిబీదా’ని మెక్సికో తొలి టెలినొవెలా అంటారు. దాని ఖర్చు పెట్టుకుంది కోల్గేట్ పామోలివ్. సబ్బుల కంపెనీ కథ చెప్పిస్తే జనం సబ్బులు కొంటారు. సీరియల్ ఏదో ఒకటి అమ్ముతుందని ఆ రోజే రుజువైంది. సబ్బు అమ్మినప్పుడు పాటెందుకు అమ్మదు?

తీసే పద్ధతి కూడా ఫ్యాక్టరీ పద్ధతే. టెలివిసా నటుల చెవిలో ఒక బుల్లి పరికరం ఉండేది. దాన్ని ‘చీచరో’ అంటారు, అంటే బఠాణీ గింజ. పక్క గదిలో కూర్చున్న మనిషి డైలాగు చదువుతాడు, అది నటుడి చెవిలో పడుతుంది, మరుక్షణం అతని నోట్లోంచి వస్తుంది. కంఠతా పట్టే పని లేదు. రోజుకి ఒక ఎపిసోడ్ కావాలంటే వేరే దారి లేదు మరి. నటులు డైలాగు ముందు ఒక్క క్షణం శూన్యంలోకి చూసినట్టు అనిపించేది కొంతవరకూ దీనివల్లే కావచ్చని నా అనుమానం. బఠాణీ గింజ చెప్పేది మాట ఒక్కటే, భావం చెప్పదు. ఆ లోటు పూడ్చే పని పాట మీద పడింది. టైటిల్స్‌లో గొంతుతో వినిపించిన ట్యూనే ప్రేమ సీన్‌లో గిటార్ మీద, చావు సీన్‌లో పియానో మీద, విడిపోయేటప్పుడు వయొలిన్ల మీద వస్తుంది. నలభై ఎపిసోడ్లు గడిచేసరికి ఆ ట్యూన్‌లో రెండు స్వరాలు చాలు, నటి ఏమీ చేయకపోయినా చూసేవాళ్ల కళ్లు తడుస్తాయి.

పాటని బట్టి కులగోత్రాలు

లాటిన్ సంగీతం అని మనం ఒకే సంచిలో వేసేదాంట్లో చాలా రకాలున్నాయి. మెక్సికో ప్రేక్షకుడు టైటిల్ సాంగ్ మొదటి పది సెకన్లు వింటే చాలు, ఈ కథ ఎవరిదో చెప్పేస్తాడు.

నగరంలో పెద్దింటి కథైతే బలాదా, అంటే వయొలిన్లూ పియానో ఉన్న నెమ్మది పాట. 1998లో వచ్చిన ‘ఎల్ ప్రివిలేహియో దె అమార్’కి లుసేరో, మిహారెస్ కలిసి పాడినది అలాంటిదే. అప్పటికి ఏడాది కిందటే వాళ్లిద్దరి పెళ్లిని టెలివిసా లైవ్‌లో చూపించింది. మొగుడూపెళ్లాలు పాడిన పాట ఇది అని ఎవరూ విడిగా చెప్పక్కర్లేకపోయింది.

గుర్రాలూ పొలాలూ ఉన్న హసియెందా కథైతే రాంచెరా. మరియాచి మేళం, బాకాలు, గుండెలు బాదుకునే గొంతు. 2008లో ‘ఫుయెగో ఎన్ లా సాంగ్రే’కి విసెంతె ఫెర్నాందెస్ పాట పెట్టారు. మెక్సికోలో పెద్ద టోపీ పెట్టుకుని పాడేవాళ్లలో ఆయన్ని మించిన పేరు ఆ రోజుల్లో లేదు. ఉత్తరాదిన, సరిహద్దు వైపు కథైతే నోర్తేన్యో. అందులోని అకార్డియన్ 19వ శతాబ్దంలో ఆ వైపుకి వలస వచ్చిన జర్మన్లూ చెక్‌లూ తెచ్చినది, పక్కనే బాహో సెక్స్‌తో అనే పన్నెండు తీగల వాయిద్యం. 1993లో ‘దోస్ ముహెరెస్, ఉన్ కమీనో’లో హీరో ట్రక్కు డ్రైవర్. ఆ కథలోకి బ్రోంకో అనే బ్యాండ్‌నే పాత్రలుగా దించారు. టెక్సస్ గాయని సెలీనా కూడా అందులో అతిథిగా కనిపించింది. ఇక బస్తీ పిల్ల, సముద్రతీరం పిల్ల కథలైతే కుంబియా లాంటి నడుం ఊపించే తాళం. కుంబియా కొలంబియాది, మెక్సికో బస్తీలు దాన్ని సొంతం చేసుకున్నాయి.

ఇక్కడ నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. చెత్త ఏరుకునే మరియాగా వేసిన తాలియాని చూడండి. మొహానికి మసి పూసినా ఆమె ఏ కోణంలోనూ ఆ కుప్పల మీద పనిచేసే అమ్మాయిలా ఉండదు. టెలివిసా నాయికలు దాదాపు అందరూ తెల్లతోలు వాళ్లే. ఆదివాసీ పోలికలున్న ఆడవాళ్లు వంటగదిలోనే కనిపించేవాళ్లు. ముఖంలో రానివ్వని బస్తీని పాటలో మాత్రం రానిచ్చారు. తాళం పేదవాళ్లది, మొహం గొప్పోళ్లది. 1993లో ఒక సీరియల్ విజయోత్సవంలో రెండో తరం యజమాని ఎమిలియో అస్కారగా మిల్మో, మెక్సికోలో ఎక్కువమంది ఎన్నటికీ బాగుపడని బడుగు జనమనీ, వాళ్లకి వినోదం అందించడం టీవీ బాధ్యత అనీ బాహాటంగా అన్నాడు. అన్న ఆ మాటకి ఇప్పటికీ తిట్టుకుంటారు గానీ, ఆ కంపెనీ పాటల ఎంపిక అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఎవరి జేబులోకి

హువాన్ గాబ్రియేల్ రాసిన ‘దె మీ ఎనామోరతె’ని తీసుకుందాం. 1986లో ‘ఎల్ కమీనో సెక్రెతో’ సీరియల్‌కి ఆ పాట పెట్టారు. పాడింది అందులో నాయికగా వేసిన దానియేలా రోమో. టెలివిసా స్టూడియోలో తీసిన సీరియల్ టెలివిసా చానెల్లో వస్తుంది. ఆదివారం వస్తే టెలివిసాలోనే రావుల్ వెలాస్కో నడిపే ‘సియెంప్రే ఎన్ దొమింగో’ అనే గంటల తరబడి సాగే పాటల కార్యక్రమం. 1969 నుంచి 1998 దాకా దానిలో కనిపించని గాయకుడు లేనట్టే లెక్క. మెలొడీ, ఫోనోవిసా లాంటి రికార్డు లేబుళ్లు కూడా టెలివిసావే. సరిహద్దు దాటితే అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్లకి అదే కార్యక్రమాలు చూపించే నెట్‌వర్క్ ఉంది, దాని పేరు 1987లో యూనివిజన్ అయింది. బిల్‌బోర్డ్ పత్రిక 1986లోనే లాటిన్ పాటలకి విడిగా చార్టు పెట్టింది. ‘దె మీ ఎనామోరతె’ ఆ చార్టులో నంబర్ వన్‌కి ఎక్కి వారాల తరబడి దిగలేదు.

దీనికి ఇంకో వైపు ఉంది. టెలివిసాతో పొసగని గాయకుడికి వెళ్లడానికి వేరే చోటు ఉండేది కాదు. పోటీ చానెల్‌లో కనిపిస్తే ఇక్కడ తలుపు మూసుకుంటుంది. అక్కడి పాటల రంగంలో ‘వీటో’ అన్న మాటకి అర్థం ఇదే. కాబట్టి నటి పాడడం, గాయని నటించడం ప్రతిభ సంగతే కాదు, బతుకుతెరువు సంగతి కూడా. వెరోనికా కాస్ట్రో, లుసియా మెందెస్, లుసేరో, తాలియా అందరూ రెండు పనులూ చేసినవాళ్లే.

తర్వాత టెలివిసా ఏకంగా గాయకుల్ని పెంచడం మొదలుపెట్టింది. 1982లో తింబిరిచె అనే పిల్లల బృందం పెట్టారు. పౌలీనా రూబియో అందులో మొదటి జట్టు, తాలియా తర్వాత చేరింది. 1987లో ‘కిన్సెయాన్యేరా’ అనే టీనేజీ సీరియల్ వచ్చింది. మెక్సికోలో ఆడపిల్లకి పదిహేనో పుట్టినరోజు పెద్ద వేడుక, దాని పేరే అది. టైటిల్ సాంగ్ తింబిరిచెది, నటుల్లో తాలియా. 1990లో ‘అల్కన్సార్ ఉనా ఎస్త్రేయా’లో కథే పాప్ సింగర్ కథ. దాని రెండో భాగంలో ఒక ప్యూర్టో రికో కుర్రాడికి వేషమిచ్చారు. 1998 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పాటతో మన ఊళ్లలో కూడా మోగిన రికీ మార్టిన్ అతనే. షకీరా కూడా తొంభైల్లో కొలంబియాలో ఒక టెలినొవెలాలో నటించింది. పాప్ స్టార్ కావడానికి సీరియల్ ఒక సెమిస్టర్ లాంటిది ఆ రోజుల్లో.

ఈ లెక్క తారస్థాయికి చేరింది 2004లో ‘రెబెల్దే’తో. మూలం అర్జెంటీనాది. గొప్పింటి పిల్లల స్కూలు, ఎర్ర కోటు, టై, అందులో ఆరుగురు కలిసి బ్యాండ్ పెట్టుకుంటారు. ఆ బ్యాండ్ కథలోంచి బయటికొచ్చి ఆర్‌బీడీ పేరుతో నిజంగానే ఊళ్లు తిరిగింది. బ్రెజిల్ కోసం పాటల్ని పోర్చుగీస్‌లో మళ్లీ పాడారు. 2006 ఫిబ్రవరిలో సావో పాలోలో ఆటోగ్రాఫ్‌ల కార్యక్రమానికి జనం విరగబడి తొక్కిసలాటలో ముగ్గురు చనిపోయారు. అంత పిచ్చి. సీరియల్ అయిపోయాక బ్యాండ్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 2023లో అల్ఫోన్సో ఎరేరా తప్ప మిగతా ఐదుగురూ మళ్లీ టూరుకొస్తే స్టేడియాల నిండా ముప్పై దాటిన వాళ్లు, చాలామంది ఆ లేని స్కూలు యూనిఫాంలో.

మాట మారినా పాట మారలేదు

సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజుల్లో, 1991–92లో, రష్యా టీవీలో వెరోనికా కాస్ట్రో నటించిన 1979 నాటి ‘లోస్ రికోస్ తంబియెన్ యోరాన్’ వచ్చింది. ‘గొప్పోళ్లూ ఏడుస్తారు’ అని అర్థం. కొట్లలో సరుకులు లేక క్యూలు కడుతున్న జనానికి ఈ పేరు వినగానే ఎలా ఉండి ఉంటుందో! 1992లో ఆవిడ మాస్కో వెళ్తే దేశాధినేతకి దొరికినంత స్వాగతం దొరికింది. 1996లో ఫిలిప్పీన్స్‌లో తాలియా ‘మరిమార్’ అలాగే ఊపేసింది. ఆమె మనీలా వెళ్లింది, తగలోగ్ భాషలో పాటలు పాడి 1997లో ఒక ఆల్బమ్ విడుదల చేసింది.

డబ్బింగ్‌కి అమ్మే సీరియల్లో మాటల ట్రాక్ విడిగా, సంగీతం ట్రాక్ విడిగా ఉంటాయి. మాటలు రష్యన్‌లోకో తగలోగ్‌లోకో మారిపోయినా చాలాచోట్ల టైటిల్ సాంగ్‌ని స్పానిష్‌లోనే వదిలేశారు. కాబట్టి ఆ ప్రేక్షకుల చెవిన పడిన మెక్సికో అంటే ఆ పాటే. అర్థం తెలియకపోయినా రోజూ విని, నోటికొచ్చేసింది.

మన దేశానికి మాత్రం పాట రాలేదు, ఫార్ములా వచ్చింది. మిగెల్ సబీదో అనే దర్శకుడు డెబ్భైల్లో టెలివిసాలో ఒక ప్రయోగం చేశాడు. ‘వెన్ కొన్మీగో’ సీరియల్‌తో వయోజన విద్య, ‘అకొంపాన్యమే’తో కుటుంబ నియంత్రణ జనంలోకి ఎక్కించాడు. మంచి పాత్ర, చెడ్డ పాత్ర, మధ్యలో ఊగిసలాడి చివరికి మారే పాత్ర. మన సమాచార శాఖ పెద్దలు దాన్ని చూసి వచ్చాకే 1984లో దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’ మొదలైంది. ఎపిసోడ్ చివర అశోక్ కుమార్ వచ్చి తాతగారిలా మాట్లాడేది గుర్తుందా? దాని వేర్లు మెక్సికో సిటీలో ఉన్నాయి. కొలంబియా సీరియల్ ‘బెట్టీ’ 2003లో హిందీలో ‘జస్సీ’ సీరియల్ అయింది. దానిలో కూడా కథే తెచ్చుకున్నాం.

కొట్టు ఎప్పుడు బీటలు వారింది? 1993లో ప్రభుత్వ చానెళ్లు అమ్మేస్తే టీవీ అస్తేకా వచ్చింది. 1996లో అందులో ‘నాదా పెర్సొనాల్’ అనే రాజకీయ సీరియల్ వేశారు, దానికి అర్మాందో మన్సానేరో పాట. బొలేరోల పెద్దాయన పోటీ చానెల్‌కి పాడాడంటే వీటో బలం తగ్గిందనే. ఆ తర్వాతి దెబ్బ అమెరికా నుంచి, టెలెముందో చానెల్ నుంచి. 2011లో ‘లా రేయినా దెల్ సూర్’ వచ్చింది. మాదకద్రవ్యాల వ్యాపారం చేసే ఆడదాని కథ. దీని వంశవృక్షం చూస్తే నవ్వొస్తుంది. డెబ్భైల్లో లోస్ తీగ్రెస్ దెల్ నోర్తే అనే బృందం కారు టైర్లలో గంజాయి దాటించే కమేలియా అనే ఆవిడ మీద ఒక కొరీదో పాడింది. కొరీదో అంటే మన బుర్రకథలా జరిగిన సంగతిని వరసగా చెప్పుకుపోయే పాట. ఆ పాట విన్న స్పెయిన్ రచయిత అర్తూరో పెరెస్ రెవెర్తె 2002లో నవల రాశాడు. ఆ నవల మీద లోస్ తీగ్రెస్ మళ్లీ ఒక కొరీదో పాడారు. ఆ తర్వాత నవల సీరియల్ అయింది, దానికి ఇంకో బృందం ఇంకో కొరీదో పాడింది. పాట, నవల, పాట, సీరియల్, పాట. ఈసారి సీరియల్ కోసం పాట పుట్టలేదు, పాట కోసమే సీరియల్ పుట్టింది అనాలి.

ఇప్పుడు ఇంకో అడుగు ముందుకెళ్లి గాయకుడి జీవితాన్నే సీరియల్ చేసేస్తున్నారు. హువాన్ గాబ్రియేల్‌దీ, జెన్నీ రివేరాదీ అయ్యాయి. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో మెక్సికో పాప్ గాయకుడు లూయిస్ మిగెల్ కథ వచ్చింది. ఆయన దశాబ్దాలుగా తన ఇంటి సంగతులు ఎవరికీ చెప్పని మనిషి. తప్పిపోయిన తల్లి, పిండుకుతినే తండ్రి, అణిగిమణిగి పాడే కొడుకు, టెలినొవెలాకి ఇంతకంటే ఏం కావాలి? ఆయనగా వేసిన దియేగో బోనేతా ఒకప్పుడు ‘రెబెల్దే’లో స్కూలు కుర్రాడు. సీరియల్ వస్తున్న వారాల్లో లూయిస్ మిగెల్ పాత పాటలు మళ్లీ కొత్త పాటల్లా మోగాయి, అవి వచ్చినప్పటికి పుట్టని పిల్లలు కూడా పాడారు. అన్ని ఎపిసోడ్లూ ఒకేసారి వదిలే అలవాటున్న నెట్‌ఫ్లిక్స్ దీన్ని మాత్రం అలా వదల్లేదు. వారానికి ఒకటే ఎపిసోడ్ ఇచ్చింది, అదీ ఆదివారం రాత్రి.